కోడి కూయని చీకటి

మీలో చాలామంది ఆ కథ విని ఉంటారు. పామర్రు దాటాక ఒక ఊరి హైస్కూల్లో ఆపరేటర్ నిద్రపోతే పిల్లల మీద ఆకాశం కూలిందని. మన సంస్థ మూసేసిన రోజు విజయవాడ గవర్నర్‌పేట ఆఫీసులో జరిగిన చిన్న సభలో ఒక కుర్ర ఉద్యోగి ఆ కథ చెప్పి అందరినీ నవ్వించాడు. చెప్పడం బాగా చెప్పాడు. గురక కూడా పెట్టి చూపించాడు. నేను ముందు వరుసలో, చేతిలో సమోసా ప్లేటుతో, అందరితో పాటు నవ్వాను.

ఆ కథలో ఒక అబద్ధం ఉంది. అది నేను పెట్టింది. ఇక ముందు మీరు ఎక్కడ ఏ ఉద్యోగం చేసినా, ఆ కథ మళ్ళీ చెప్పాల్సి వస్తే సరిగ్గా చెప్పమని అడగడానికి ఇది రాస్తున్నాను.

కొత్తగా చేరినవాళ్ళు పాత యంత్రాన్ని చూసి ఉండరు. మా దగ్గర ఉన్నది గాలితో నిలబడే తారామండలం. మడతపెడితే రెండు పరుపుల మూటంత ఉండేది. స్కూలు హాల్లో పరిచి, గుడ్డ గొట్టం తగిలించి, మోటారుతో గాలి ఊదితే మెల్లగా లేచి గుండ్రటి ఇల్లులా నిలబడేది. పిల్లలు వంగి పాకుతూ లోపలికి వచ్చి, గోడ వెంబడి చుట్టూ కూర్చునేవాళ్ళు. మధ్యలో యంత్రం, దాని పక్కన నేను. లైటు తీసేస్తే తల మీద ఆకాశం. మేమంతా దాన్ని బుడగ అనేవాళ్ళం. మోటారు ఆగితే బుడగ వెంటనే పడిపోదు. వయసు మళ్ళిన మనిషి కుర్చీలో కూర్చున్నట్టు నెమ్మదిగా, తీరిగ్గా కిందికి దిగుతుంది. ఈ ఒక్క సంగతి గుర్తుంటే మిగతాదంతా అర్థమవుతుంది.

నాతో పాటు తిరిగేది ఒక్క మనిషే. వ్యాను నడిపేదీ, బుడగ నిలబెట్టేదీ, మోటారు చూసుకునేదీ ఆయనే. భవానీపురం మనిషి. అంతకుముందు పెళ్ళిళ్ళకు షామియానాలు వేసేవాడు. నాకంటే బాగా పెద్ద. ఆఫీసులో అందరూ బాబాయ్ అనేవాళ్ళు. నేను ఏ బళ్ళోనూ పాఠం చెప్పకపోయినా నన్ను మాస్టారూ అనేవాడు. నోరు ఊరుకునేది కాదు. కంకిపాడు వచ్చేలోపు రోడ్లు వేసినవాళ్ళనీ, ఉయ్యూరు వచ్చేలోపు తన అల్లుణ్ణీ తిట్టడం పూర్తయ్యేది. ఉయ్యూరులో ఇడ్లీ తినకుండా వ్యాను ముందుకు కదిలేది కాదు. చట్నీ పలచగా ఉందని అలిగిన రోజు బుడగ కూడా ఒక పక్కకి ఒరిగే నిలబడేది. మధ్యాహ్నం భోజనం అయ్యాక వ్యానులో కాస్త కునుకు తీస్తాడన్న మాటా నిజమే. అది ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఆ కునుకును అడ్డం పెట్టుకునే నేను నా ఉద్యోగం నిలుపుకున్నాను.

మా ప్రదర్శనల్లో స్కూళ్ళవాళ్ళు ఎక్కువగా అడిగేది విశ్వం కథ. పుట్టుక దగ్గర మొదలుపెట్టేవాణ్ణి. వాయువు ముద్దకట్టి నక్షత్రమవడం, పెద్ద నక్షత్రాలు దర్జాగా ఖర్చుపెట్టుకుని తొందరగా పేలిపోవడం, మన సూర్యుడు ఏదో ఒక రోజు ఉబ్బి, తర్వాత బూడిదలో నిప్పులా మిగలడం. చిన్న ఎర్ర నక్షత్రాలు మాత్రం ఉన్నదాన్ని పొదుపుగా వాడుకుంటూ అందరికంటే చివరిదాకా ఉంటాయి. ఈలోగా గెలాక్సీలు ఒకదానికొకటి దూరమవుతూ, ఒకదాని వెలుగు ఇంకోదానికి చేరనంత దూరం వెళ్ళిపోతాయి. ఆ పైన ఎర్ర చుక్కలు ఒక్కొక్కటే ఆరిపోయేవి. చివరిది ఆరాక చీకటి. కళ్ళు తెరిచినా మూసినా తేడా తెలియని చీకటి.

ఆ చీకట్లో మోటారు రొద నాకు గిట్టేది కాదు. విశ్వం చల్లారిపోతుంటే పక్కింట్లో పిండిమర ఆడుతున్నట్టుండేది. అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నాం. "ఇదే చివరి నక్షత్రం" అని నేను మైకులో అనగానే బాబాయ్ బయట మోటారు ఆపేస్తాడు. కొద్ది క్షణాలు పూర్తి నిశ్శబ్దం. తర్వాత నేను మీట నొక్కితే తూర్పు వైపు ఎర్రబడి తెల్లవారుతుంది, స్పీకర్లో కోడి కూస్తుంది. కోడి కూత వినపడగానే బాబాయ్ మోటారు వేస్తాడు. బుడగ ఓ జానెడు దిగి మళ్ళీ లేచిందని లోపల ఎవరికీ తెలిసేది కాదు. ఆ కోడి బాబాయ్ వాళ్ళ వీధిలోదే. ఫోన్లో రికార్డు చేసి తెచ్చాడు. కూత వెనకాల ఎవరో పాలవాణ్ణి పిలుస్తున్న గొంతు కూడా సన్నగా వినిపించేది.

మోటారు దగ్గర ఉన్న మనిషికి లోపలిది కనిపించదు. ఆ రొద ఇంకా తగ్గాలని దాన్ని హాలు బయట వరండాలో పెట్టించి, పొడవాటి గొట్టం కిటికీలోంచి లాగించింది నేనే. దాంతో ఆయనకు బుడగ కూడా కనిపించకుండా పోయింది, స్పీకర్లో వినిపించేదే ఆధారం. గుసగుసలాడతారని టీచర్లను లోపలికి రానివ్వనిదీ నేనే. అప్పట్లో ఇవన్నీ నా పనితనమని నేను అనుకునేవాణ్ణి.

ఆ పామర్రు ప్రయాణానికి కొద్ది రోజుల ముందు విజయవాడలో ఒక కాలేజీలో ప్రదర్శన ఇచ్చాం. ఎక్కడో పెద్ద పేరున్న భౌతికశాస్త్ర ఆచార్యుడొకాయన అతిథిగా వచ్చి లోపల పిల్లల మధ్యే కూర్చున్నాడు. చివర్లో కోడి కూయగానే పెద్దగా నవ్వాడు. బయటికి వచ్చాక నా భుజం మీద చెయ్యి వేసి, అంతా చక్కగా చెప్పావయ్యా గానీ, సర్వం చల్లారిపోయాక ఈ కోడి ఎక్కడ బతికుంది, దానికి గింజలు ఎవరు వేశారు అన్నాడు. చుట్టూ ఉన్న లెక్చరర్లు నవ్వారు. నేనూ నవ్వాను. బాబాయ్ ఒక్కడే నవ్వలేదు. గొట్టం చుడుతూ, ఆయనకు సమాధానం చెప్పాల్సిన బాధ్యత తనదే అన్నట్టు, "కోడి లేకపోతే పిల్లలకి అయిపోయిందని తెలవదు కదండి" అన్నాడు.

ఆ రోజంతా నాకు ఆ నవ్వే వినిపించింది. ఆయన అన్నది నిజమే కదా. చివరి నక్షత్రం ఆరాక ఇక తెల్లవారేదేముంది? నేను పిల్లలకు సైన్సు చెప్తున్నానా, జోల పాడుతున్నానా?

పామర్రు వెళ్ళేటప్పుడు వ్యానులో ఈ మాట ఎత్తాను. కోడిని తీసేస్తే ఎలా ఉంటుంది బాబాయ్ అన్నాను.

"మీ విశ్వం ఎప్పుడు పోద్దో గానీ, మోటారు బెల్టు మాత్రం ఈ వారంలోనే పోద్ది. ముందు దాని సంగతి చూడండి మాస్టారూ" అన్నాడు.

అంతటితో ఆ మాట ఆగిపోయింది. తీసేస్తానని నేను అనలేదు, వద్దని ఆయనా అనలేదు. తర్వాత విచారణలో ఈ సంభాషణను నేను వేరేగా చెప్పాను. అక్కడికి వస్తాను.

స్కూలు ఊరి చివర ఉంది. మూడు వైపులా వరి కోతకొచ్చి ఉంది. హెడ్‌మిస్ట్రెస్ గారంటే పిల్లలకు ఎంత భయమో, మమ్మల్ని చూడ్డానికి వరండాలో నిలబడ్డవాళ్ళు ఆమె చెప్పుల చప్పుడుకే మాయమైపోవడం చూసి తెలిసింది. తొమ్మిదో తరగతి పిల్లలు లోపలికి పాకి కూర్చున్నాక నేను ఎప్పుడూ చెప్పే మాటలు చెప్పాను. చివర్లో పెద్ద చీకటి వస్తుంది, అప్పుడు ఏం జరిగినా కదలకూడదు, నోరు విప్పకూడదు, ఒక్కరు మాట్లాడినా అందరికీ చెడిపోతుంది. సరేనండీ అని ఒక్క గొంతులా అన్నారు.

ప్రదర్శన బాగా సాగింది. అలాంటి రోజులు ఉద్యోగంలో ఏ కొన్నో ఉంటాయి. నా గొంతు నాకే బాగుందనిపించింది. గెలాక్సీల దగ్గరికి వచ్చేసరికి, ఆకాశం మన మీద పడదమ్మా, అది మన నుంచి దూరమవుతూనే ఉంటుంది అని కూడా అన్నాను. ఎర్ర చుక్కలు ఆరిపోయాయి. చివరి నక్షత్రం అన్నాను. బయట మోటారు ఆగింది.

నా వేలు మీట మీదే ఉంది. ఇది సరిగ్గా చెప్పాలి, ఎందుకంటే ఇంతకాలం నాకు నేను కూడా వేరేగా చెప్పుకున్నాను. నేను మరిచిపోలేదు. కరెంటు పోలేదు. మీట పనిచేయకపోవడం కాదు. నేను నొక్కలేదు. ఆ నిశ్శబ్దం అంత బాగుంది. అంతమంది పిల్లలు ఉండి ఒక దగ్గు లేదు, ఒక కదలిక లేదు. ఇది నేను సాధించిందే అనుకున్నాను. ఇంకొంచెం, ఇంకొంచెం అనుకుంటూ కూర్చున్నాను. ఆచార్యుడి నవ్వుకు ఇదీ నా సమాధానం అనుకున్నాను. మోటారు సంగతి నా తలలోనే లేదు.

కాసేపటికి ఊపిరి శబ్దం వినిపించడం మొదలైంది. మామూలుగా బుడగలో అది వినిపించదు. పిల్లలు గోడ దగ్గర, నేను మధ్యలో. కానీ అప్పుడు వాళ్ళంతా నా చుట్టూ చేరి, నా మెడ దగ్గర నిలబడి గాలి పీలుస్తున్నట్టుగా ఉంది. ఎవరూ లేచిన చప్పుడు లేదు. బట్టల రాపిడి లేదు. ఊపిరి మాత్రం అన్ని వైపుల నుంచీ దగ్గరికి వస్తోంది. నా ఊపిరి కూడా ఎవరో వెంటనే తిరిగి ఇచ్చేస్తున్నట్టు నా ముఖానికే తగిలింది. ఎవరమ్మా లేచింది అని అడగబోయాను. నోరు విప్పకూడదని చెప్పింది నేనే కదా అని ఆగాను. చూడండి, అప్పటికీ నాకు నా ప్రదర్శన చెడిపోతుందన్న బాధే.

అప్పుడు ఏదో మెత్తగా నా తల వెంట్రుకలను తాకింది.

టార్చి ఎలా వెలిగించానో తెలియదు. బుడగ కప్పు నా తల మీద ఆని ఉంది. గోడ దగ్గర ఇంకా కిందికి దిగిపోయింది. ఆ గుడ్డ కింద, చుట్టూ, పిల్లలందరూ కూర్చున్నచోటే కూర్చుని, రెండు చేతులూ పైకెత్తి దాన్ని పట్టుకుని ఉన్నారు. ఒక్కరూ పైకి చూడటం లేదు. అందరూ నా వైపే చూస్తున్నారు. చెమటతో ముఖాలు మెరుస్తున్నాయి. ఎవరూ ఏడవడం లేదు. టార్చి ఎటు తిప్పితే అటు చేతులే.

ఎదురుగా పొడుగు జడల పిల్ల ఒకతె ఉంది. చేతులు వణుకుతున్నాయి. వెలుగు పడింది కాబట్టి మాట్లాడొచ్చనుకుంది కాబోలు, చాలా మర్యాదగా అడిగింది.

"ఇంకా ఎంతసేపు పట్టుకోవాలండీ?"

నేను బాబాయ్ అని అరిచాను. ఆయన పరిగెత్తుకుని హాల్లోకి వచ్చి, చూసి, మళ్ళీ పరిగెత్తాడు. మోటారు రొద వినిపించింది. బుడగ ఎంత తీరిగ్గా దిగిందో అంత తీరిగ్గానే లేచింది. గుడ్డ పిల్లల చేతులు వదిలి పైకి వెళ్ళిపోయింది. చేతులు మాత్రం దిగలేదు. పట్టుకోవడానికి ఏమీ లేకపోయినా అలాగే గాల్లో ఉండిపోయాయి. దించండమ్మా అని నేను చెప్పేదాకా.

దించినప్పుడు చూస్తే ఉబ్బసం ఉన్న ఒక పాప పక్కపిల్ల ఒళ్ళోకి ఒరిగిపోయి ఉంది. పెదాలు నల్లబడ్డాయి. బాబాయ్ ఆ పాపను భుజాన వేసుకుని వ్యానులో పామర్రు ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. పక్కన కూర్చున్న నేను ఆయన అంత వేగంగా నడపడం ఎప్పుడూ చూడలేదు. సాయంత్రానికి పాప కోలుకుంది. బిస్కెట్లు అడిగింది. ఆసుపత్రి వరండాలో జడల పిల్ల కూడా ఉంది, స్నేహితురాలి కోసం వచ్చింది. అరవొచ్చు కదమ్మా, లేచి రావొచ్చు కదమ్మా అన్నాను.

"మీరు కదలొద్దన్నారు కదండీ. ఆకాశం దూరమవుతుందన్నారు. ఇదేమో దగ్గరికొచ్చింది. అందుకని పట్టుకున్నామండీ" అంది.

తల్లిదండ్రులు ఊరుకుంటారా? గవర్నర్‌పేట ఆఫీసులో విచారణ పెట్టారు. ఇద్దరు అధికారులు, కింద ఆటోల హారన్లు, మేమిద్దరం పక్కపక్కన నిలబడి. మోటారు ఎందుకు వేయలేదని ముందు బాబాయ్‌ని అడిగారు.

"కోడి కూయలేదండి" అన్నాడు. అంతే. ఇంకో మాట చెప్పలేదు. అంత మాట్లాడే మనిషి.

వాళ్ళు నా వైపు తిరిగారు. నాకు అప్పటికి పర్మినెంటు కాలేదు. ఇంట్లో చిన్నపిల్లలున్నారు. ఇవన్నీ కారణాలని అప్పుడు అనుకున్నాను. ఇప్పుడు రాస్తుంటే కారణాల్లా కనబడటం లేదు. కోడి కూసిందండీ, నేను వేశాను, స్పీకర్లో వినిపించింది అన్నాను. వ్యానులో కూడా ఆ ప్రస్తావన వచ్చిందనీ, కోడి కూయగానే జాగ్రత్తగా మోటారు వేయమని ప్రత్యేకంగా చెప్పాననీ కలిపాను. మధ్యాహ్నం వేళ ఆయన కునుకు తీస్తాడని నేను అనలేదు. అనక్కర్లేకపోయింది. ఆ సంగతి వాళ్ళకు తెలుసు. పిల్లల్ని అడగాలని ఎవరికీ తోచలేదు.

బాబాయ్ నా వైపు తిరిగి చూశాడు. కోపంతో కాదు. పొద్దున ఎక్కడో పెట్టిన వస్తువు కోసం వెతుక్కునే మనిషిలా. వాళ్ళ వైపు తిరిగి అన్నాడు.

"అయితే కూసే ఉంటదండి. మాస్టారు అబద్ధం చెప్పరు."

ఆయన్ను తీసేశారు. నేను ఉండిపోయాను. మోటారు ఆపే పద్ధతి ఎత్తేశారు. కోడి మాత్రం తిరిగి వచ్చింది, పాలవాణ్ణి పిలిచే గొంతుతో సహా. కొత్త ఆపరేటర్ చురుకైనవాడు. అయినా ప్రతి ప్రదర్శనలో, చివరి నక్షత్రం ఆరాక, మోటారు రొద చేస్తూ ఉండగానే, ఊపిరి శబ్దం నా వైపు రావడం వినిపించేది. అన్ని వైపుల నుంచీ. మీట నొక్కడానికి నేను ఎంత తొందరపడేవాణ్ణంటే, చివరి చుక్క పూర్తిగా ఆరకముందే తెల్లవారిపోయేది. విశ్వం మరీ త్వరగా చచ్చి మరీ త్వరగా లేస్తోందని మీలో ఒకరు నన్ను వెక్కిరించారు కూడా. గుర్తుందా?

సంస్థ మూసేశారు. నాకు ఇంకా సర్వీసు ఉండగానే ఇంటికి పంపించారు. ఆ సభలో నవ్వి వచ్చిన మర్నాడు భవానీపురం వెళ్ళాను. ఇన్నేళ్ళలో అదే మొదటిసారి.

ఇంట్లో ఒక్కడే ఉన్నాడు. బాగా చిక్కిపోయాడు. నన్ను చూసి సంతోషించాడు, అదే కష్టంగా ఉంది. మంచినీళ్ళు ఇచ్చాడు. ఉయ్యూరు ఇడ్లీ గురించి అడిగాడు. షామియానా కొట్లో కొన్నాళ్ళు చేశానన్నాడు. వ్యాను నడపడం ఎందుకు మానేశావు బాబాయ్, నీకంటే బాగా నడిపేవాడు జిల్లాలో ఉన్నాడా అన్నాను. ఏదో మాట కలపడానికి అన్నాను.

విచారణ అయ్యాక చెవులు చూపించుకున్నానన్నాడు. డాక్టరు చెవులు లక్షణంగా ఉన్నాయన్నాడట. అయితే నిద్రపోయుంటానని అనుకున్నాడు. కానీ ఆ రోజు వరండాలో ఆయన నిలబడి ఉన్నాడు. ఎదురుగా పొలంలో ఒక కొంగను చూస్తూ ఉన్నాడు. అది ఎటు నడిచిందో, ఎక్కడ ఆగిందో అంతా గుర్తుంది. కోడి కూత ఒక్కటే లేదు.

"నాకు తెలవకుండా మధ్యలో కొంతసేపు పోద్దండి మాస్టారూ. మెలకువగానే ఉన్నాననుకుంటాను. ఉండను. అలాంటోడు స్టీరింగు పట్టుకుంటే ఎట్టా చెప్పండి."

మనవరాల్ని కృష్ణ ఒడ్డుకు కూడా ఎప్పుడూ ఒంటరిగా తీసుకెళ్ళలేదట. ఆ పిల్ల ఇప్పుడు పెద్దదైపోయింది. తాతయ్య తనతో నడవడని చిన్నప్పుడు ఏడ్చేదని నవ్వుతూ చెప్పాడు.

అప్పటిదాకా నేను ఆయన ఉద్యోగం ఒక్కటే తీశాననుకున్నాను.

"కోడి కూయలేదు బాబాయ్" అన్నాను.

ఆయనకు వినబడింది. వినబడిందని ఆయన ముఖంలో తెలిసింది. అయినా ఇంకోసారి చెప్పమన్నట్టు చూశాడు. చెప్పాను. నేను వేయలేదు, నువ్వు సరిగ్గానే విన్నావు, నువ్వు మెలకువగానే ఉన్నావు. నేను కావాలనే నొక్కలేదు. విచారణలో అబద్ధం చెప్పాను.

ఆయన అడిగాడు.

"మరి అంతసేపూ లోపల మీరేం చేశారండి?"

"వింటూ కూర్చున్నాను."

"ఏం వింటూ?"

"ఏమీ లేదు. నిశ్శబ్దంగా ఉంటే బాగుందని."

బాబాయ్ లేచాడు. వీధి వైపు కిటికీ మూశాడు. తలుపు దగ్గరికి వేశాడు. గోడ దగ్గరికి వెళ్ళి ఫ్యాను ఆపేశాడు. రెక్కలు నెమ్మదిగా, తీరిగ్గా ఆగాయి. వచ్చి నా ఎదురుగా కుర్చీ లాక్కుని, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాడు. నన్నే చూస్తున్నాడు. కళ్ళు మూతపడకుండా చూస్తున్నాడు.

గదిలో గాలి కదలడం లేదు. మొదట ఆయన ఊపిరి వినిపించింది. తర్వాత నాది. ఆ తర్వాత, ఆ గదిలో మేమిద్దరమే ఉన్నా, ఇంకా చాలామందివి.

నా చేతులు ఒళ్ళో ఉండాలో, పైకెత్తాలో తెలియలేదు. ఇంకా ఎంతసేపు బాబాయ్ అని అడగడానికి నాకు నోరు రాలేదు.